వాడిన మాక్రో లెన్సు కొనేవారికి హెచ్చరిక: టార్చి వేసి చూడనిదే డబ్బు చేతికివ్వకండి

పూలను, పురుగులను దగ్గరగా ఫోటో తీసే మిత్రులారా, కోఠిలో వాడిన లెన్సులు అమ్మే దుకాణం అనగానే మీలో చాలామందికి ఏది గుర్తుకొస్తుందో, నేను మోసపోయింది అక్కడే. మొన్న శనివారం 22,000 రూపాయలు చెల్లించి 100 మి.మీ. మాక్రో లెన్సు, అంటే చిన్న వాటిని దగ్గరగా, పెద్దవిగా తీసే లెన్సు తెచ్చుకున్నాను. రెండు రోజులు తిరగకముందే దాని సంగతి బయటపడింది.

నాకు కావలసిందల్లా ఫోటోలో వెనుక భాగం శుభ్రంగా ఉండడమే. మా డాబా మీద మందారాల వెనుక ఇనుప గ్రిల్లు, నీళ్ల ట్యాంకు, దండెం మీది బట్టలు ఉంటాయి. కెమెరాతో వచ్చిన 18-55 లెన్సుతో తేనెటీగను ఎంత జాగ్రత్తగా తీసినా దాని తల వెనుక ఒక ఊచ నిలబడి ఉండేది. 100 మి.మీ. లెన్సు చూసే కోణం ఇరుకు కాబట్టి, పువ్వు అదే పరిమాణంలో వచ్చేలా కాస్త దూరం జరిగి తీస్తే వెనుక కొద్దిపాటి జాగా మాత్రమే ఫ్రేములోకి వస్తుంది, అదీ మసకబారి ఒకే రంగుగా కలిసిపోతుంది. దీనికోసమే ఏడాది పాటు డబ్బు కూడబెట్టాను.

ఆదివారం ఉదయం ఎండకు ఎదురుగా, మందార మొగ్గ మీద వాలిన తూనీగను తీశాను. నల్లగా రావలసిన నీడ పాలు కలిపినట్టు తెల్లబారింది. ఆకుల సందుల్లోని వెలుగు చుక్కలు గుండ్రటి బిళ్లలుగా మారాయి గాని, ఒక్కొక్క బిళ్లలో సాలెగూటి పోగుల్లాంటి గీతలు కనిపించాయి. లెన్సు వెనుక నుంచి టార్చి వేసి చూస్తే, లోపలి అద్దం అంచు నుంచి నడిమి దాకా బూజు (ఫంగస్) అల్లుకొని ఉంది.

సోమవారం తిరిగి వెళ్లాను. దుకాణదారుడు నా కెమెరా తెర వైపు కన్నెత్తి చూడలేదు. పక్కన ఇద్దరు కొనుగోలుదారులు నిలబడి ఉండగా, “లెన్సు బాగానే ఉంది మేడమ్, ఫోటో తీయడమే మీకు రాలేదు. వెనుక భాగం నచ్చకపోతే ఎడిటింగులో తుడిచేసుకోండి” అన్నాడు. శనివారం నేను టార్చి అడిగినప్పుడు, “బూజు ఉంటే నా చేత్తో అమ్ముతానా అమ్మా” అన్నది ఈ మనిషే. ట్యూబులైటు కింద, తెల్ల గోడ ముందు ప్లాస్టిక్ పువ్వు పెట్టి తీసి చూపించాడు. తెల్ల గోడ ముందు ఈ లోపం కనిపించదని అతనికి తెలుసు. నా సంచిలోనే ఫోను ఉంది, దానికి టార్చి ఉంది. పెద్దవాడు అంత మాట అన్నాక తీసి చూస్తే బాగుండదని మొహమాటపడ్డాను. ఆ తప్పు పూర్తిగా నాదే. బిల్లు మీద “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని ఉందని వేలు పెట్టి చూపించి పంపేశాడు.

ఎడిటింగులో తుడిచే ప్రయత్నమూ చేశాను. తూనీగ రెక్కలు పారదర్శకం, వాటి ఈనెల మధ్య నుంచే వెనుక భాగం కనిపిస్తుంది. దాన్ని మసకబరిస్తే ఈనెలూ కరిగిపోతున్నాయి, వదిలేస్తే రెక్క చుట్టూ తెల్లటి అంచు మిగులుతోంది.

కొనేవారు లెన్సు వెనుక నుంచి టార్చి వేసి చూడండి, దుకాణం గుమ్మంలో నిలబడి వెలుతురుకు ఎదురుగా, చీకటి నేపథ్యంతో, లెన్సు రంధ్రం (అపెర్చర్) పూర్తిగా తెరిచి, అంటే f/2.8 వద్ద ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. కొత్త లెన్సు కొనే స్తోమత లేనివారు ప్రస్తుతానికి ఒక అడుగు పక్కకు జరిగి లేదా కిందికి వంగి తీయండి, లేదంటే పువ్వుకు రెండడుగుల వెనుక ముదురు ఆకుపచ్చ అట్ట నిలబెట్టండి. నేనూ ఈ వారం అదే చేస్తున్నాను. సోమవారం నాటికి ఆ దుకాణం అద్దాల అరలో ఇటువంటి మాక్రో లెన్సులు ఇంకా రెండు ఉన్నాయి.