పాడేరు పసుపా, కర్క్యుమిన్ క్యాప్సూలా?

విశాఖపట్నంలో పాడేరు పసుపు కొమ్ములూ దొరుకుతాయి, మందుల దుకాణంలో కర్క్యుమిన్ క్యాప్సూళ్లూ దొరుకుతాయి. రెండూ ఒకటేనని చాలామంది నమ్ముతారు. కానీ తేడా పెద్దదే.

పసుపులో కర్క్యుమినాయిడ్లు, అంటే కర్క్యుమిన్, దాని జాతి పదార్థాలు, సాధారణంగా 2 నుంచి 5 శాతం. 3 గ్రాముల పొడిలో 100 మిల్లీగ్రాముల దరిదాపు. 95 శాతం కర్క్యుమినాయిడ్లుండే సారం 500 మిల్లీగ్రాములున్న క్యాప్సూల్‌లో 475 మిల్లీగ్రాములు. మోతాదులో క్యాప్సూల్‌దే పైచేయి.

అయితే కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు. ఒంటికి పట్టిన కాస్తనూ పేగులు, కాలేయం త్వరగా మార్చి బయటికి పంపేస్తాయి. మిరియాలలోని పైపెరిన్ ఆ పనిని నెమ్మదింపజేస్తుంది. 1998లో వెలువడిన ఒక అధ్యయనంలో, 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ చేర్చితే మనుషుల్లో కర్క్యుమిన్ లభ్యత (ఒంటికి అందే పాలు) 20 రెట్లు పెరిగింది. పాడేరు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకునేది ఆ మిరియాల తీగే! నూనె పోపులో పసుపు, మిరియాల పొడి కలిపే మన వంట నాకు అందుకే ఎంతో ఇష్టం. పైగా కొమ్ములో టర్మెరోన్లనే సుగంధ తైలాలుంటాయి. శుద్ధిచేసిన సారంలో అవి చాలావరకు ఉండవు.

క్యాప్సూల్‌తో నాకున్న భయం కాలేయం గురించి. ముఖ్యంగా పైపెరిన్ కలిపిన పెద్ద మోతాదుల తర్వాత కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రోజూ తినడానికి నా ఓటు పసుపుకే. రక్తం పలుచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు వైద్యుణ్ణి అడగకుండా క్యాప్సూల్ జోలికి వెళ్లవద్దు.