రీఫ్ ట్యాంకుకు కరెంటు కోత సామాను: ఐదు చలికాలాల తరువాత

కరెంటు పోయినప్పుడు రీఫ్ ట్యాంకును, అంటే పగడాలు, చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియంను, కాపాడుకోవడానికి నేను కొన్నవాటిలో అన్నిటికంటే చవకది ఒక చిన్న గాలి పంపు. రెండు పెద్ద సెల్లులతో నడుస్తుంది. ఎక్కువ పని చేసింది కూడా అదే. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఎల్లో ట్యాంగ్ అనే పసుపు చేప చచ్చిపోయింది.

మాది డల్లాస్ పక్కన ఫ్రిస్కో. ట్యాంకు 75 గ్యాలన్లు, అంటే దాదాపు 280 లీటర్లు. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున, టెక్సస్ అంతా గడ్డకట్టిన ఆ వారంలో, రెండు గంటలప్పుడు కరెంటు పోయింది. నీళ్ళ చప్పుడు ఆగిపోవడంతోనే నాకు మెలకువ వచ్చింది. అంతకు నెల ముందే వెయ్యి వాట్-అవర్ల పవర్ స్టేషన్, అంటే ప్లగ్గులున్న పెద్ద బ్యాటరీ పెట్టె, కొన్నాను. మహా గర్వంగా తెచ్చి 300 వాట్ల హీటర్ తగిలించాను. పగడాలకు వెచ్చదనమే ప్రాణం అని నా లెక్క. మూడు గంటల్లో బ్యాటరీ ఖాళీ. అదే బ్యాటరీకి ట్యాంకులో నీళ్ళు తిప్పే పది వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటే తగిలించి ఉంటే, ఇన్వర్టర్ తినేది పోను, కనీసం రెండు రోజులు నడిచేది. లెక్కలు వచ్చినవాడినే, ఆ టెన్షన్‌లో వెయ్యిని మూడొందలతో భాగించి చూడలేదు.

అయిదింటికి టార్చి వేసి చూస్తే చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మావయ్యకు ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం నాలుగున్నర. ఒక్కటే అడిగాడు: "గాలి తిరుగుతోందా?"

"లేదు మావయ్యా, వేడి కోసం..."

"ఒరేయ్, చలికి వెంటనే చావదురా. గాలి అందకపోతే తెల్లారేసరికి తేలిపోద్ది. ముందు గాలి కొట్టించు."

రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే చెరువు మొత్తం పోతుందని అక్కడ డీజిల్ జనరేటర్ లేకుండా ఎవరూ పడుకోరు. నాకు మాత్రం ఆ పంపు డ్రాయర్‌లో ఉందన్న సంగతే గుర్తు లేదు. దాన్ని తీసి పెట్టిన గంటకు మిగతా చేపలు కిందికి దిగాయి. ట్యాంగ్ దిగలేదు. ఆక్సిజన్ ఎక్కువ కావాల్సిన చేప అది.

వేడి సంగతి తరువాత నెమ్మదిగా చూసుకున్నాం. మా గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లతో వెలుగుతుంది కాబట్టి మా ఆవిడ పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి సీసాల్లో పోసి ఇస్తే ట్యాంకులో తేలేశాను. మొదటి సీసాకే నీళ్ళు పొర్లి కార్పెట్ తడిసింది. ముందే ఒక చెంబెడు తీసి పెట్టుకోవాలి. మూడు వైపులా రజాయిలు చుట్టాం, పైన మాత్రం తెరిచే ఉంచాం. ఇల్లు ఎనిమిది డిగ్రీలకు పడిపోయినా ట్యాంకు 19 దగ్గర నిలిచింది. మామూలుగా 25 ఉంటుంది. 17వ తేదీ సాయంత్రం కరెంటు నిలకడగా వచ్చాక హీటర్‌ను ఒక్కసారిగా పెంచకుండా, 25కి చేర్చడానికి దాదాపు ఒక రోజు తీసుకున్నాను. అక్రోపోరా పగడాలు రెండు గుత్తులు తెల్లబడి చచ్చిపోయాయి. హ్యామర్ పగడం, జోయాంథిడ్లు, క్లౌన్ చేపల జంట మిగిలాయి.

పవర్ స్టేషన్ మీద ఇంకో ఫిర్యాదు. ఖాళీ అయ్యాక గ్యారేజీలో పెట్టి కారు నుంచి ఛార్జ్ చేద్దామంటే ఎక్కలేదు. లిథియం బ్యాటరీ సున్నా డిగ్రీల కింద ఛార్జ్ తీసుకోదు, తీసుకోకూడదు. చివరికి కారును వాకిట్లోకి తెచ్చి, లోపల హీటర్ వేసి, సీటు మీద పెట్టి ఛార్జ్ చేశాను. మూసిన గ్యారేజీలో మాత్రం ఇంజన్ ఆన్ చేయకండి. ఆ వారం టెక్సస్‌లో కార్బన్ మోనాక్సైడ్‌తో పోయిన ప్రాణాలున్నాయి.

ఆ తరువాత వేవ్‌మేకర్‌కు సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ బ్యాకప్ కొన్నాను. కరెంటు పోగానే దానంతట అదే అందుకుంటుంది, మనం నిద్రలో ఉన్నా సరే. 2024 మే చివర్లో డల్లాస్‌లో గాలివాన వచ్చి లక్షల ఇళ్ళకు కరెంటు పోయినప్పుడు మా ఇంట్లో 11 గంటలు దీని మీదే నడిచింది. ఎండాకాలం మరీ ప్రమాదం. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ పడుతుంది. ఆ రోజు ఒక్క చేప కూడా పోలేదు. కానీ నాలుగో ఏటికి ఈ బ్యాటరీ సగానికి సగం పడిపోయింది, కొత్తది వేశాను. కొనేటప్పుడు ఆ ఖర్చు కూడా కలుపుకోండి.

గాలి పంపుకూ లోపాలున్నాయి. మోత ఎక్కువ. బుడగలు చిట్లి లైట్ల మీద ఉప్పు పేరుకుంటుంది. మొదటిదాన్ని సెల్లులు తీయకుండా వదిలేస్తే రెండో ఏడు అవి కారి లోపలంతా తుప్పు పట్టింది. ఇప్పుడు రెండు పంపులు ఉన్నాయి, సెల్లులు విడిగా డబ్బాలో.

ప్రతి దసరాకి ఆయుధపూజ రోజు కారుతో పాటు వీటికీ బొట్టు పెట్టి, మెయిన్ ఆపేసి గంటసేపు అన్నీ నడిపి చూస్తాను. పోయినసారి ఫొటో తీసి మావయ్యకు పంపాను. "బానే ఉంది గానీ, జనరేటర్ ఏదిరా?" అని రాశాడు.