కలంకారీ కొంటున్నారా? షాపువాళ్లిచ్చే వాల్యుయేషన్ కార్డు నమ్మకండి. నేను నమ్మి 38 వేలు పోగొట్టుకున్నాను

మొన్న గురువారం సాయంత్రం జరిగింది ఇది. ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది. తప్పులుంటే మన్నించండి, ఒక్క గుక్కలో రాసేస్తున్నాను.

షాపు పేరు రాయను. తిరుపతిలో కలంకారీ కొనే అలవాటున్నవాళ్లకు ఎవరి గురించి చెప్తున్నానో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో, మా గృహప్రవేశం అయిన కొత్తలో, హాలు గోడకని ఆరడుగుల కల్పవృక్షం బొమ్మున్న కలంకారీ గుడ్డ కొన్నాను. కొమ్మల నిండా చిలకలు. శ్రీకాళహస్తి పనితనం, చేత్తో వేసింది, అన్నీ సహజ రంగులే అన్నారు. అప్పుడే చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ 1954లో వేసిన బొమ్మ న్యూయార్క్ వేలంలో 118 కోట్లకు పోయిందని పేపర్ల నిండా వచ్చింది. షాపాయన ఆ వార్త ఫోన్‌లో చూపించి, "చూశావా అక్కా, కళంటే ఇట్లా పెరుగుతుంది. ఇది గుడ్డ కాదు, ఆస్తి. డబ్బు అవసరమైతే ఎప్పుడైనా తీసుకురా, మేమే కొంటాం" అన్నాడు. పైగా లామినేషన్ చేసిన కార్డు ఒకటి ఇచ్చాడు. విలువ అరవై వేలు, "యాంటిక్ కలంకారీ" అని ముద్ర కూడా వేసి ఉంది. ముప్పై ఎనిమిది వేలకు అరవై వేల వస్తువు వచ్చిందని సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను.

ఇప్పుడు పాప ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. బంగారం తాకట్టు పెట్టడం ఇష్టం లేక, గోడ మీదున్న ఆస్తి గుర్తొచ్చి, పాపను వెంటబెట్టుకుని వెళ్లాను.

కొన్నరోజు నేను "అక్క"ను. మొన్న "మేడం" అయ్యాను. గుడ్డను కౌంటరు మీద పరిచాడు. బొమ్మ వైపు చూడనే లేదు. మొదట చేసిన పని, అంచు పట్టుకుని వెనక్కి తిప్పడం. గోటితో చూపిస్తూ, "ఇది ప్రింట్ మేడం. చూడండి, రంగు వెనక్కి దిగలేదు, తెల్లగా ఉంది. చేత్తో వేసిందైతే వెనక కూడా బొమ్మ తెలుస్తుంది" అన్నాడు. నాకు పాఠం చెప్తున్నట్టు, ఎంత నిదానంగా చెప్పాడో! అంత తెలిసినవాడు అమ్మిన రోజు ఎందుకు తిప్పి చూపించలేదు?

"మీ దగ్గర కొన్నదే కదండీ" అంటే, "మేం ప్రింట్లు అమ్మం. మీ ఇంట్లో ఇంకోదానితో మారిపోయిందేమో చూసుకోండి" అన్నాడు. అంటే నేను మార్చి తెచ్చానని! పక్కన చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు తలెత్తి నన్నే చూశారు. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, ఎవరి దగ్గరా ఒక్క మాట పడలేదు. కార్డు తీసి చూపించాను. "ఇది ఇన్సూరెన్స్ కోసం వేసిన విలువ మేడం. ఈ రేటుకు మేం కొంటామని ఎక్కడైనా రాశామా?" అన్నాడు. నిజంగానే ఎక్కడా లేదు. బిల్లు మీద కూడా "వాల్ హ్యాంగింగ్ 1" అని తప్ప చేతిపని అనీ, సహజ రంగులనీ, వేసినవాళ్ల పేరనీ ఏమీ లేదు. చివరికి పాత కస్టమర్ అని పదిహేను వందలు ఇస్తానన్నాడు. గుడ్డ మడిచి తీసుకుని వచ్చేశాను.

చీర కొంటే అంచు, కొంగు, వెనక దారాలు అన్నీ తిప్పి తిప్పి చూస్తాను. ముప్పై ఎనిమిది వేలు పోసి దీన్ని ఒక్కసారి తిప్పి చూడలేదు. గంట ప్రయాణం చేస్తే శ్రీకాళహస్తి, వేసేవాళ్లే అక్కడున్నారు. అప్పుడు వెళ్లలేదు, నిన్న వెళ్లాను.

చాలా ఏళ్లుగా కలం పట్టిన ఒక పెద్దాయన కిటికీ దగ్గర పరిచి చూశారు. మూడు చిలకలను వేలితో చూపించారు. మూడింటికీ ముక్కు కింద ఒకేచోట గీత తెగి ఉంది. ప్రింట్ వేసే స్క్రీన్‌లో ఉన్న లోపమే మూడుసార్లు పడింది. తర్వాత ఆయన పని తెచ్చి పక్కన పెట్టారు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి, తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన నల్ల రంగుతో గీస్తారు కదా, ఆ గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పోతుంది. ఏ రెండు చిలకలూ ఒకేలా లేవు. కరక్కాయ, పాలు పట్టిన గుడ్డ వాసన కూడా వేరు. నాదాంట్లో గీతంతా ఒకే మందం. బందరు వైపు అచ్చులతో వేసే కలంకారీలో బొమ్మ మళ్లీ మళ్లీ రావడం సహజమేనట, అది వేరే పని. ప్రింటును కలం పని అని అమ్మడమే మోసం. "యాంటిక్" మాటా అంతే. 1972 నాటి చట్టం ప్రకారం ఇలాంటివి కనీసం నూరేళ్ల పాతవైతేనే పురాతన వస్తువులు.

ఆయన చెప్పిన ఇంకో మాట మనసులో ఉండిపోయింది. "అమ్మా, నేను వేసిందే తెచ్చినా కొన్న రేటుకు నేను తీసుకోలేను. నాకూ కొనేవాడు దొరకాలి కదా" అన్నారు. బంగారానికి రోజూ ఒక రేటుంటుంది, ఏ షాపుకెళ్లినా తూకం వేసి ఇస్తారు. గుడ్డకు అలా లేదు. వేసినవాళ్ల పేరు, సంతకం, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పే కాగితాలు, ఎండకూ మడతలకూ పాడవకుండా ఉండటం, వీటన్నిటికీ తోడు ఆ రోజు కావాలనుకునే మనిషి ఉండాలి. అలాంటిది మళ్లీ కొనాలంటే ఎంతవుతుందో అది ఇన్సూరెన్స్ విలువ. మనం అమ్మితే చేతికొచ్చేది వేరే, చాలా తక్కువ.

కొనేవాళ్లు గుడ్డ తిప్పి చూడండి. చేతిపని అనీ, వేసినవాళ్ల పేరూ, తిరిగి కొంటామంటే ఎంతకు కొంటారో అదీ బిల్లు మీదే రాయించుకోండి. విలువ కట్టించుకోవాలంటే అమ్మినవాళ్లతో కాదు, దాన్ని కొనని, అమ్మని మనిషితో కట్టించుకోండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. సోమవారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి. అదే షాపులో అదే కార్డు తీసుకున్నవాళ్లుంటే ఇవాళే మీ గుడ్డ తిప్పి చూడండి. ప్రింట్ అయితే బిల్లు పారేయకుండా నాకు చెప్పండి, కలిసి వెళ్దాం.