ముంచిన ఏరే మేపింది: గ్యాదరింగ్ స్టార్మ్ చాలాకాలం ఆడాక

ఒక దేశాన్ని తొలి యుగం నుంచి టర్న్‌ల (వంతుల) వారీగా నడిపే కంప్యూటర్ ఆట సివిలైజేషన్ 6లో గెలుపులు ఎన్ని రకాలు, డిస్ట్రిక్ట్‌లు (నగరంలోని ప్రత్యేక పేటలు) ఎలా కట్టాలి లాంటివి ఇక్కడ మళ్ళీ చెప్పను. ఇది చదివేవాళ్ళకి అవి ఎలాగూ కంఠతా వచ్చే ఉంటాయి. 2019 ఫిబ్రవరిలో వచ్చిన గ్యాదరింగ్ స్టార్మ్ ఎక్స్‌పాన్షన్‌లో (అసలు ఆటకి చేర్చుకునే అదనపు భాగం) నన్ను కట్టిపడేసింది ఒకే ఒక్క సంగతి: ఏటికి వరద రావడం. మిగతావన్నీ తీసేసి అదొక్కటే ఉంచినా సరే, అది లేని ఆట మళ్ళీ ఆడమంటే నావల్ల కాదు.

అంతకుముందు మ్యాప్‌తో పని నగరం ఎక్కడ పెట్టాలో తేలేదాకానే. నీళ్ళున్నాయా, పక్కన కొండలున్నాయా, ఒకటో రెండో లగ్జరీలు (విలాస వస్తువులు) అందుతాయా అని చూసి, ఊరు పెట్టే సెట్లర్‌ని దింపేస్తే నేల పని అయిపోయినట్టే. అడవి కొట్టేయడం తప్ప ఆ గడుల్లో మళ్ళీ ఏ మార్పూ ఉండేది కాదు. ఇప్పుడలా కాదు. ఫ్లడ్‌ప్లెయిన్ (ఏటి పక్కన వరద పారే నేల) గడి మీద పొలం వేశామంటే అది ఎప్పుడో ఒకప్పుడు కొట్టుకుపోతుంది. పోతూ పోతూ ఒండ్రు వదిలిపోతుంది. నీళ్ళు తీశాక కొన్ని గడుల్లో తిండి పెరుగుతుంది, కొన్నిట్లో ప్రొడక్షన్ (ఊరు పనులు పూర్తిచేసే వేగం) పెరుగుతుంది. ఆ పెరిగింది శాశ్వతం. పాడైన పొలాన్ని బాగుచేయడానికి బిల్డర్‌కి ఛార్జ్ (అతను చేయగలిగే కొద్ది పనుల్లో ఒకటి) కూడా ఖర్చు కాదు. అంటే నష్టం నాలుగు టర్న్‌లది, లాభం ఆట ముగిసేదాకా. అగ్నిపర్వతాలూ ఇంతే, కాకపోతే వాటి పక్కన ఉండటానికి ఇంకొంచెం గుండె ధైర్యం కావాలి.

ఇది లెక్కగా అర్థం కావడం వేరు, ఆటలో తగలడం వేరు. నాకు తగిలింది రోమ్‌తో ఆడినప్పుడు. ఎడారి మధ్య నుంచి పారే నది ఒడ్డున రెండో నగరం పెట్టాను. ఎడారి ఫ్లడ్‌ప్లెయిన్ గడికి మొదటి నుంచే 3 తిండి కాబట్టి ఊరు తొందరగా ఎదుగుతుందని ఆశ. పక్క దేశం సుమేరియా, కంప్యూటర్ నడిపే దాని నాయకుడు గిల్గమేష్. సుమేరియాతో ఆడినవాళ్ళకి తెలుసు, ఆట తొలినాళ్ళలో వాళ్ళ వార్ కార్ట్ (యుద్ధపు బండి) ముందు నిలబడే బలగం ఎవరి దగ్గరా ఉండదు. ఆ నగరానికి గోడ పడీ పడకముందే యుద్ధం ప్రకటించాడు. బండ్లన్నీ వచ్చి సరిగ్గా నా పొలాల మీదే నిలబడ్డాయి. ఊరికి నది వైపు నుంచే దారి సాఫీగా ఉంది, ఇంకో వైపు కొండలు. నా దగ్గరున్నది ఇద్దరు ఆర్చర్లు, సగం కట్టిన గోడ. ఊరు పోయిందనే అనుకుని, మిగిలిన నగరాన్ని ఎలా కాపాడుకోవాలా అని చూస్తున్నాను.

తరువాతి టర్న్‌కి వరదొచ్చింది. చిన్నది కాదు, ఊళ్ళో జనాభా ఒకటి తగ్గింది, పొలాలు సగం పోయాయి. కానీ వరద మధ్యలో నిలబడింది నా సైన్యం కాదు. ఆ బండ్ల ఆరోగ్యం చూస్తే ఒక్క దెబ్బకి సగానికి సగం పడిపోయింది. రెండు టర్న్‌లలో ఆర్చర్లు మిగతా పని పూర్తి చేశారు. గిల్గమేష్ సంధికి దిగొచ్చాడు. ఇంత పెద్ద అదృష్టాన్ని వ్యూహం అనలేం, నిజమే. కానీ ఆ తరువాత నది ఒడ్డున యుద్ధం వస్తే శత్రువుని ఎక్కడ నిలబెట్టాలో, నేనెక్కడ నిలబడకూడదో ఆలోచించడం అలవాటైపోయింది. మునిగిన ఆ గడుల్లో మళ్ళీ పొలం వేసి చూస్తే తిండి పెరిగి ఉంది. తరువాత్తరువాత ఇంకొన్ని వరదలు తగిలి, మధ్యయుగం దాటేసరికి రాజధానిని మించిపోయింది ఆ ఊరు.

దీన్ని తయారుచేసినవాళ్ళకి చరిత్ర మీద ఇష్టం ఉందని ఇంకోచోట కూడా తెలుస్తుంది. ఈజిప్టు పొలాలకి, డిస్ట్రిక్ట్‌లకి, సైన్యానికి వరద వల్ల దెబ్బ తగలదు. వరదతో పొలాలకి ఒండ్రు తెచ్చిన నైలు నది తెలిసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. రష్యా గడ్డ మీద దానితో యుద్ధం చేస్తున్నవాళ్ళకి మంచు తుపాను నష్టం రెట్టింపు, 1812లో నెపోలియన్ సైన్యానికి జరిగింది గుర్తొస్తుంది. జపాన్‌కి హరికేన్‌తో ఇలాంటిదే ఉంది. 1274లో, 1281లో మంగోలుల నౌకాదళాల్ని తుపానులు దెబ్బతీసిన కథకి ఇది ఆటరూపం.

అన్ని విపత్తులూ ఇంత న్యాయంగా ఉండవు. సుడిగాలి, కరువు తీసుకోవడమే తప్ప తిరిగి ఇచ్చేదేమీ లేదు. కరువొస్తే కొన్ని టర్న్‌లపాటు ఊరు బిక్కుబిక్కుమంటూ కూర్చోవడమే. ఆటలో నాకు విసుగు తెప్పించే విపత్తు అదొక్కటే.

డ్యామ్ గురించి ఒక మాట. బట్రెస్ టెక్నాలజీ వచ్చాక కట్టొచ్చు, వరద నష్టాన్ని ఆపుతుంది, ఇళ్ళకీ చోటు పెంచుతుంది, ఆ తరువాత అక్కడే జలవిద్యుత్తు. కానీ అది ఫ్లడ్‌ప్లెయిన్ మీదే పడాలి, ఆ గడికి కనీసం రెండు వైపులా నది ఉండాలి. అలాంటి గడి ఒక్కో ఊరికి ఒక్కటే దొరకొచ్చు, అసలు దొరక్కపోవచ్చు. నగరం పెట్టినరోజే మ్యాప్ మీద పిన్ గుచ్చి పెట్టుకుంటే మంచిది. మొహెంజొదారో గ్రేట్ బాత్ కూడా ఇలాగే వరదని తట్టుకునే అద్భుతం, కుండలు చేయడం నేర్చుకున్న వెంటనే కట్టడం మొదలుపెట్టొచ్చు, కానీ నా ఆటల్లో ఎక్కువసార్లు ఎవరో ఒకరు నాకన్నా ముందే ముగించేస్తారు.

ఇక వాతావరణ మార్పు. కొత్తగా ఆడినప్పుడు దోస్తులందరికీ దాని గురించే చెప్పాను. బొగ్గు కాల్చితే కార్బన్ పెరుగుతుంది, మెట్టు మెట్టుగా సముద్రం పైకొస్తుంది, పల్లపు తీరాలు ముందు ముంపుకి గురవుతాయి, తరువాత నీళ్ళలోకి వెళ్ళిపోతాయి, ధ్రువాల మంచు కరిగి ఓడలకి కొత్త దారులు తెరుచుకుంటాయి. చూడటానికి ఇప్పటికీ గొప్పగానే ఉంటుంది. కానీ చాలా ఆటలు పూర్తి చేశాక తెలిసిందేమిటంటే, సముద్రం నిజంగా మింగేసరికి గెలిచేదెవరో దాదాపు తేలిపోయి ఉంటుంది. ఈ ముంపుని ఆపే ఫ్లడ్ బ్యారియర్ కట్టాలంటే కంప్యూటర్స్ టెక్నాలజీ దాకా రావాలి. నీటిమట్టం పెరిగేకొద్దీ దాని ఖర్చూ పెరుగుతుంది. మిలిటరీ ఇంజనీర్లు ఉంటే పని తేలికవుతుంది. నేను ఆడినంతలో కంప్యూటర్ ప్రత్యర్థులు ఈ గొడవని పెద్దగా పట్టించుకోలేదు. తీరంలోని వాళ్ళ పొలాలు నీళ్ళలో మునుగుతుంటే చూస్తూ ఊరుకుంటారు. ఆట తొలి యుగాల్లో వరద ఇచ్చిన ఉత్కంఠ, చివర్లో సముద్రం ఇవ్వలేదు.

వరల్డ్ కాంగ్రెస్ (దేశాలన్నీ కలిసి ఓట్లేసే సభ) గురించి రాయాలంటే చిరాకొస్తుంది కాబట్టి తొందరగా ముగిస్తాను. దౌత్య పాయింట్లతో వచ్చే డిప్లొమాటిక్ గెలుపుకి దగ్గరపడిన ప్రతిసారీ అందరూ కలిసి నా పాయింట్లు కోసేయడానికి ఓటేస్తారు. రైలు మార్గాలు మాత్రం బాగున్నాయి. ఇనుము, బొగ్గు, వేయడానికి మిలిటరీ ఇంజనీరు ఉంటే చాలు, సైన్యం దేశం ఆ చివర నుంచి ఈ చివరకి చటుక్కున వచ్చేస్తుంది.

విపత్తుల తీవ్రత 0 నుంచి 4 దాకా పెట్టుకోవచ్చు, ఆట మామూలుగా 2 ఇస్తుంది. నేను 3 మీద ఆడతాను. 4 పెడితే విపత్తులు నాకు మరీ తరచుగా అనిపించాయి, అప్పుడు ఏ వరదా గుర్తుండదు. నేను ఎక్కువగా ఒంటరిగా, తొందర లేకుండా, ఒక ఆటని వారాలకి వారాలు సాగదీస్తూ ఆడే మనిషిని. అందుకే పొలం కోసం టర్న్‌లు ఎదురుచూడటం నాకు సరదా. మల్టీప్లేయర్‌లో స్నేహితులతో గడియారం పెట్టుకుని ఆడేవాళ్ళకి, ఒక వరదతో యుద్ధం తారుమారైతే ఒళ్ళుమండొచ్చు, అందులో వాళ్ళ తప్పు లేదు. దీనికన్నా ముందొచ్చిన ఎక్స్‌పాన్షన్ రైజ్ అండ్ ఫాల్ ముందు తీసుకోవాలా అని అడిగేవాళ్ళకి: దానిలోని గవర్నర్లు, లాయల్టీ (ఊళ్ళ విధేయత) గ్యాదరింగ్ స్టార్మ్‌లోనూ ఉంటాయి, ఆ ఎక్స్‌పాన్షన్‌తో వచ్చిన దేశాలు, నాయకులు మాత్రం ఇందులో రారు. ఆ నాయకుల మీద మోజు లేకపోతే నేరుగా దీనికే రావచ్చు. మొదటి ఆట మాత్రం ఈజిప్టుతో ఆడకండి, వరద దెబ్బ తగలకుండానే గడిచిపోతుంది.