వాదీ రమ్‌లో రాత్రులు, అకబాలో ఒక్క పూట

‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ చూసి జోర్డాన్ బయల్దేరేవాళ్లకు నా సలహా ఒక్కటే. రాత్రులన్నీ వాదీ రమ్ ఎడారికే ఉంచుకోండి, అకబా రేవు పట్టణానికి ఒక పూట చాలు.

మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీ పాలన మీద తిరగబడ్డ అరబ్బులతో కలిసి పోరాడిన బ్రిటిష్ అధికారి లారెన్స్ కథ ఇది. డేవిడ్ లీన్ 1962లో తీసిన ఈ సినిమాలో గుర్రాలు, ఒంటెలు విరుచుకుపడే అకబా అసలు అకబా కాదు. స్పెయిన్‌లో కార్బొనెరాస్ దగ్గర సముద్రపు ఒడ్డున వేసిన సెట్టు అది. అరబ్ తిరుగుబాటు సేన 1917 జూలై 6న అడుగుపెట్టిన అసలు ఊళ్లో ఇప్పుడు హోటళ్లు, షాపులు, ఒక చిన్న పాత కోట, దాని దగ్గర్లో తలెత్తి చూడాల్సినంత పెద్ద జెండా స్తంభం ఉన్నాయి. కోట చూసి, ఒడ్డున చేపల భోజనం చేసి టాక్సీ ఎక్కితే గంటలో రమ్ చేరుకుంటారు.

వీసా ఫీజు, చూడాల్సిన చోట్ల టికెట్లు కలిపి ఇచ్చే జోర్డాన్ పాస్ ముందే కొనుక్కోండి. 70 దీనార్ల నుంచి దొరుకుతుంది. కొండరాతిలో తొలిచిన ప్రాచీన నగరం పెట్రా టికెట్ ఒక్కటే 50 దీనార్లు. కనీసం మూడు రాత్రులు ఉండేవాళ్లకు వీసా ఫీజు కూడా మిగులుతుంది. రమ్ ప్రవేశ రుసుము అందులోనే కలిసి ఉంటుంది.

లోపల తిరగడానికి ఎక్కువమందికి వెనక బెంచీలు వేసిన పికప్ బండ్లే దిక్కు. ఇసుక లోతుగా ఉన్నచోట మా డ్రైవర్ దిగి నాలుగు టైర్లలోంచీ కొంత గాలి తీసేశాడు. ఆ తర్వాత బండి ఎక్కడా కూరుకుపోలేదు. ప్రతి టూర్‌లోనూ ‘లారెన్స్ ఇల్లు’ చూపిస్తారు. అక్కడున్నవి కూలిన రాతి గోడలు, ఆయన అక్కడ ఉన్నాడనడానికి గట్టి ఆధారం లేదు. ఆ సమయం ఖజాలీ సందుకు ఇవ్వండి. ఇరుకైన ఆ చీలికలో గోడల మీద మనుషుల బొమ్మలు, పాదాల గుర్తులు, పాతకాలపు అక్షరాలు చెక్కి ఉన్నాయి. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో కనిపిస్తాయి, కానీ ముట్టుకోకండి.

సినిమా నాకు నిజంగా అర్థమైంది ఏ స్పాట్‌లోనూ కాదు, స్పాట్‌కీ స్పాట్‌కీ మధ్య ఉన్న దూరంలో. కొండ అడుగున చీమలా కదిలేది ఏమిటా అనుకుంటే, అది మరో పికప్. సినిమాలో మన హిందీ నటుడు ఐ.ఎస్. జోహార్ వేసిన గాసిమ్ ఎడారిలో వెనకబడిపోతే, అతని కోసం లారెన్స్ వెనక్కి వెళ్లడాన్ని తోటివాళ్లు ఎందుకంత పిచ్చిపని అనుకున్నారో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. నూటికి నూరు పాళ్లు ఆ దూరం కోసమే రమ్ వెళ్లాలి.

బస దగ్గర చెయ్యి కాల్చుకునే అవకాశం ఉంది. రోడ్డుకి దగ్గర్లో ఉన్న ఒక క్యాంపులో గాజు బుడగలాంటి గది తీసుకున్నాం. ఏసీ, బాత్రూమ్ అన్నీ బాగానే ఉన్నాయి. కానీ జనరేటర్ చప్పుడు, పొద్దుపోయేదాకా స్పీకర్లు. దీపాల వెలుగులో చుక్కలు సరిగ్గా కనిపించలేదు. ఆ రేటుకి అది దండగ. తర్వాత లోపల ఎక్కడో ఒక బెదూయిన్ (ఎడారి అరబ్ తెగ) కుటుంబం నడిపే మేకవెంట్రుకల గుడారాలకు మారాం. బాత్రూమ్ అందరికీ కలిపే, రాత్రి చలి ఎముకలు కొరికింది. అయినా నా ఓటు దీనికే.

ఇసుకలో తవ్విన గుంతలో నిప్పుల మీద వండే భోజనం జర్బ్. దాన్ని తీసేటప్పుడు దగ్గరుండి చూడండి. ఇసుక తప్పించి, దుప్పటి లాగి, గుంతలోంచి అరలరల జల్లెడను పైకెత్తుతారు. కోడి, బంగాళాదుంప, క్యారెట్ నుంచి ఆవిరి లేస్తుంటుంది. శాకాహారులు ముందే చెప్పి కూరగాయలు పై అరలో పెట్టించుకోవాలి, లేకపోతే మాంసం రసం వాటి మీదే కారుతుంది.

రాత్రి క్యాంపులో మంట చుట్టూ కూర్చున్నప్పుడు సినిమా మాట వస్తే కాస్త ఓపిగ్గా వినండి. ఆంథొనీ క్విన్ వేసిన బెదూయిన్ నాయకుడు ఔదా అబూ తాయీని బంగారం మీద ఆశతో కదిలినవాడిగా చూపారని ఆయన వారసులు నిర్మాణ సంస్థ మీద కేసు కూడా వేశారు. వాళ్ల కోపం న్యాయమైనదే అని నా అభిప్రాయం. మనకూ ఒక లోటు ఉంది. ఆ యుద్ధంలోనే, పాలస్తీనా వైపు, నిజాం పంపిన అశ్వికదళం హైదరాబాద్ లాన్సర్స్ పోరాడారు. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. సినిమాలో మాత్రం వాళ్ల ఊసే లేదు.

మార్చి, ఏప్రిల్ నెలలు గానీ అక్టోబర్, నవంబర్ గానీ అనువైన కాలం. పెట్రా ముందు పెట్టుకోండి, అక్కడ మెట్లెక్కి కాళ్లు పట్టేసినవాళ్లకు రమ్‌లో పికప్ బెంచీ హాయిగా ఉంటుంది.