చంటిపిల్లతో తొట్లకొండ, బొజ్జన్నకొండ: స్ట్రోలర్ ఎక్కడిదాకా వెళ్తుంది?

విశాఖ చుట్టుపక్కల ఉన్న ఈ రెండు బౌద్ధ క్షేత్రాల్లో స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) కాస్తయినా పనికొచ్చేది తొట్లకొండ మీద. బొజ్జన్నకొండకి దాన్ని మోసుకెళ్లడం శుద్ధ దండగ. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. తొట్లకొండ భీమిలి వైపు, ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటే, బొజ్జన్నకొండ పూర్తిగా అవతలి వైపు, అనకాపల్లి దగ్గర శంకరం ఊళ్లో ఉంది. ఏడాది నిండని పిల్లని కారులో అంతసేపు తిప్పితే కొండ చూసే ఓపిక పిల్లకీ ఉండదు, తల్లికీ ఉండదు.

అసలు కోపం తెప్పించింది కొండ కాదు, కారు. తొట్లకొండకి పూట బాడుగ ₹1,500కి మాట్లాడుకున్నాం. తీరా డిక్కీ తెరిస్తే సగానికి పైగా సీఎన్‌జీ సిలిండరే. స్ట్రోలర్ అడ్డంగా పట్టలేదు, నిలువుగానూ పట్టలేదు. పైకప్పు మీద కడతానని డ్రైవరు మరో ₹200 పుచ్చుకున్నాడు. కట్టిన తాడు ముందు చక్రం ఇరుసు మీదుగా బిగించడంతో ఇరుసు వంగింది. ఆ తర్వాత స్ట్రోలర్ ఎంత తిన్నగా తోసినా ఎడమకే లాగింది. వెంట వచ్చిన నాన్నమ్మ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. అందుకే కారు మాట్లాడేటప్పుడు ఏసీ ఉందా అని అడిగే ముందు డిక్కీలో సిలిండరు ఉందా అని అడగండి. చాలా స్ట్రోలర్లకి ముందు చక్రాల దగ్గర చిన్న మీట ఉంటుంది, అది నొక్కితే చక్రాలు ఊడొస్తాయి. ఊడదీసి సంచిలో వేసుకోండి. కొత్తగా కొనేవాళ్లకైతే గొడుగులా పొడుగ్గా ముడుచుకునే రకం కంటే మూడు మడతలై చిన్న పెట్టెలా అయ్యే రకం మేలు. అది వెనక సీటు ముందు, కాళ్ల దగ్గరే పట్టేస్తుంది.

తొట్లకొండ పైదాకా కారు వెళ్తుంది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. పైన 1988 నుంచి 1993 దాకా జరిగిన తవ్వకాల్లో బయటపడ్డ మహాస్తూపం, విహారాలు (భిక్షువుల నివాసాలు), చైత్యాలు (ప్రార్థనా మందిరాలు) చాలా విశాలంగా పరుచుకుని ఉంటాయి. నడక దారి ఉన్నంత మేర స్ట్రోలర్ సాగుతుంది. విహారాల ఇటుక పునాదుల మధ్యకి దిగితే మాత్రం అరచేయంత చక్రం రెండు ఇటుకల సందులో ఇరుక్కుంటుంది. వెనక నుంచి తోస్తే బండి ముందుకి ఒరుగుతుంది, పిల్ల బెల్టు మీద పడుతుంది. తోయకండి. బండిని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీద లాక్కుంటూ రండి. మట్టి, గులకరాళ్ల మీద కూడా అదే పద్ధతి.

ఇంకో ఇబ్బంది. పాలసీసాలు, నీళ్ల సంచి అన్నీ హ్యాండిల్‌కి తగిలిస్తాం కదా, పిల్లని ఎత్తుకోగానే ముందు బరువు పోయి బండి వెల్లకిలా పడుతుంది. సంచి అడుగు బుట్టలో పెట్టండి. వాలు మీద ఆపితే బ్రేకు వేయడంతో సరిపెట్టకుండా బండిని అడ్డంగా నిలపండి. ఆ కొండకి పేరు తెచ్చిన తొట్లు రాతిలో తొలిచిన నీటి గుంటలే, నడక నేర్చిన పిల్లలుంటే అక్కడ చెయ్యి వదలొద్దు.

బొజ్జన్నకొండకి రెండోసారి స్ట్రోలర్ లేకుండా వెళ్లాం, ఖర్చూ తగ్గింది, ఇంట్లో గొడవా తగ్గింది. అనకాపల్లి దాకా బస్సు. అక్కడి నుంచి ఆటో రానూపోనూ, గంటన్నర ఆగడంతో కలిపి ₹350. మొదట ₹600 అడిగాడు. మెట్లు కొండ మొదట్లోనే మొదలవుతాయి, నిటారుగా ఉంటాయి. పిల్లని గుండెకి కట్టుకునే క్యారియర్ ఒక్కటే దారి. ముందుగా నడుం బెల్టు బిగించాలి, అదీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద. అప్పుడే బరువు భుజాల్ని పీకదు. పిల్ల మోకాళ్లు పిరుదుల కంటే కాస్త పైకి ఉండాలి. గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. తల వంచితే పిల్ల నుదురు మన పెదాలకి తగలాలి, అందకపోతే పిల్ల కిందికి జారినట్టే. వీపున కట్టుకోవద్దు, కొండ మీది గుహ ద్వారంలో వంగినప్పుడు పిల్ల తల రాతికి కొట్టుకునేది మనకి కనపడదు.

ఆ గుహ కోసమే ఇంత కష్టం పడొచ్చు. ద్వారానికి అటూ ఇటూ ద్వారపాలకులు, లోపల 16 స్తంభాలు, నడుమ కొండరాతినే తొలిచి నిలిపిన స్తూపం. ఎండలోంచి ఒక్కసారిగా లోపలికి వెళ్తే చీకటికి చంటిపిల్లలు జడుసుకుంటారు. గుమ్మంలో ఒక నిమిషం ఆగి వెళ్లండి. 1906 ప్రాంతంలో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ తవ్వించిన ఈ కొండ మీద మెట్లు మెట్లుగా రాతి స్తూపాలు, పైన ఇటుక స్తూపం. శంకరం అనే పేరు సంఘారామం (బౌద్ధ భిక్షువుల మఠం) నుంచి వచ్చిందంటారు. పక్కనే ఉన్న లింగాలకొండ మీద వరసల కొద్దీ ఏకశిలా స్తూపాలున్నాయి, జనం కంటికి అవి లింగాల్లా కనిపించి ఆ పేరు పడింది. పిల్లతో అయితే దాన్ని కింద నుంచి చూసి వచ్చేయండి. అక్కడ కాలు నిలిచే చోటు తక్కువ.

కనుమ రోజు మాత్రం పొరపాటున కూడా పెట్టుకోవద్దు. ఆ రోజు ఇక్కడ తీర్థం, అంటే జాతర. ఒకప్పుడు కొండ మీదికి రాళ్లు విసిరే ఆనవాయితీ ఉండేది, వారసత్వ సంపద గురించి పట్టించుకునేవాళ్లు పోరాడి మాన్పించారు. రాళ్లు ఆగినా జనం ఆగరు, మెట్ల మీద ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒరుసుకుంటూ ఉంటే చంటిపిల్లకి ఊపిరాడదు. శీతాకాలంలో మామూలు రోజున, పొద్దున్న తొమ్మిదిలోపు మెట్లెక్కితే చాలు. పదిన్నర దాటితే రాయి కాలుతుంది.

పాలు ఆటో దిగక ముందే పట్టించండి, పైన చాటు దొరకదు. ఉగ్గు, వేడినీళ్లు ఫ్లాస్కులో పెట్టుకోండి. డైపరు మార్చడానికి ఒక రబ్బరు షీటు, తీసిన డైపరుకి మూతి ముడిచే కవరు, ఈ రెండూ క్యారియర్ జేబులోనే ఉండాలి. కవరు తిరిగి అనకాపల్లి దాకా మనతోనే రావాలి.