సంఘం మందుల దుకాణం: చిల్లర లెక్క చూసుకుని చెబుతున్నాను

ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టినవాణ్ని. లెక్క తేడా వస్తే నాకు నిద్ర పట్టదు. మా ఆవిడ షుగరుకు, బీపీకి నెలకు ఆరు వందలకు తగ్గకుండా అయ్యేది. మా పేట పొదుపు సంఘం ఆడవాళ్లు నడిపే జనరిక్ దుకాణంలో, అంటే కంపెనీ పేరుతో కాకుండా అసలు మందు పేరుతో అమ్మే చోట, అవే మందులు రెండు వందల పదికి వస్తున్నాయి. ఏడాదిగా వాడుతున్నాం, షుగరు పరీక్షల్లో తేడా ఏమీ రాలేదు.

మొదటిసారి అనుమానంతోనే వెళ్లాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి నా పాత షీటునూ వాళ్ల షీటునూ పక్కపక్కన పెట్టి, వెనక చిన్న అక్షరాల కింద గోరుతో గీసింది. "చూడండి బాబాయ్ గారూ, రెండింటి మీదా మెట్‌ఫార్మిన్ 500 అనే ఉంది. మీరు ఇన్నాళ్లూ ముందువైపు పేరుకు డబ్బులు కట్టారు." మారు మాట్లాడకుండా సంచి తెరిచాను.

కేంద్ర ప్రభుత్వ పథకం కింద జనరిక్ మందులు అమ్మే జన్ ఔషధి దుకాణాలు 2008లోనే మొదలయ్యాయి. కానీ మాకు దగ్గరున్నది జిల్లా కేంద్రంలో. మిగిలిన డబ్బు కాస్తా బస్సు ఛార్జీకి పోయేది. డాక్టర్లు మందుల అసలు పేర్లే అర్థమయ్యేలా రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లో నిబంధన సవరించింది. మా చీటీలో ఇప్పటికీ కంపెనీ పేర్లే. అసలు మందేదో తేల్చాల్సింది ఫార్మసిస్టు. ఆయన లేనిదే ఇక్కడ బిళ్ల ఇవ్వరు. పద్ధతి మంచిదే, ఆయన భోజనానికి వెళ్తే మాత్రం గంటన్నర ఎండలో నిలబడాలి.

వాళ్ల దగ్గర అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటుంది. ఎవరు ఏ తేదీన ఎన్ని రోజులకు కొన్నారో అందులో రాస్తారు. బీపీకి నొప్పి తెలియదు కాబట్టి కూలికి వెళ్లేవాళ్లు నెలాఖరున ముందు మానేసేది ఆ బిళ్లనే. గడువు దాటితే ఆ వీధిలోని సంఘం సభ్యురాలితో కబురు వెళ్తుంది. మా వీధి చివర తాపీ మేస్త్రి అలా కబురందాకే మళ్లీ వేసుకుంటున్నాడు. పది బిళ్లలే కావాలన్నా ముఖం చిట్లించకుండా కత్తిరించి ఇస్తారు.

ఫ్రిజ్ లేదు కాబట్టి ఇన్సులిన్ దొరకదు. థైరాయిడ్ బిళ్లలు రెండుసార్లు అయిపోయాయి. చిల్లర మాత్రం రూపాయితో సహా చేతిలో పెడతారు, చాక్లెట్ ఇవ్వరు.

పదకొండులోపు వెళ్లండి. చీటీతో పాటు పాత షీటు కూడా పట్టుకెళ్లండి. ఆదివారం సెలవు.